తొమ్మిది లోపు ఫోన్ చేయొద్దు

పుంటా అరేనాస్‌లో గాలి లేస్తే
వీధి మూలల్లో తాళ్ళు కడతారు.
జనం వాటిని పట్టుకుని రోడ్డు దాటతారు.
ఒందీనా కూడా ఆ తాడు పట్టుకునే
మూడు రూటర్లనూ ఇంటికి చేర్చింది,
రోజుకొకటి, పీతల అట్టపెట్టెలో పెట్టి.

పగలు కార్ఖానాలో కాళ్ళు విరుస్తుంది,
పీతల కాళ్ళు.
రాత్రి వంటింటి బల్ల మీద నీలం కేబుళ్ళు పరిచి
నలభై మూడేళ్ళకి పరీక్షకి చదువుతుంది.
వేళ్ళకి ఉప్పు వాసన పోదు.
ఇప్పుడది కీబోర్డుకీ పట్టింది.

పుస్తకం చెప్పేదల్లా ఇదీ:
రూటర్‌కి రెండు జ్ఞాపకాలు.
ఒకటి నడుస్తున్నది, ఒకటి రాసిపెట్టుకున్నది.
నడుస్తున్నదంతా నోటిమాట,
కరెంటు పోతే నీటిమూట.
రాసిపెట్టుకున్నదే తెల్లారి లేచేది.
ఒందీనా పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకుంది:
కాపీ చేయి. వెంటనే. తర్వాత అనకు.

మంగళవారం తర్వాత అంది.
గంటన్నర కూచుని ఎక్కించిన దారులన్నీ ఉండగా
గాలి ఎక్కడో తీగ తెంపింది.
లైటు పోయి వచ్చేసరికి
రూటర్ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి
మొదట్నుంచి మొదలుపెడదామా, అవునా కాదా, అనడిగింది.
ఆమె ఒక మాట అంది.
అది స్పానిష్‌లోనే ఉండనీ.

మూడో రూటర్ కథ వేరు.
మూతబడ్డ బ్యాంకు శాఖ సామాను వేలంలో
పన్నెండు వేల పెసోలకి వచ్చింది.
పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు.
లేచీ లేవగానే, నిమిషం లోపు, బ్రేక్ నొక్కాలి.
రెండు ఒకటి నాలుగు రెండు అని కొట్టాలి.
అప్పుడది రాసుకున్నదంతా పక్కనపెట్టి
ఎవరని అడక్కుండా తలుపు తీస్తుంది.
ఆమెకి మూడోసారికి కుదిరింది.

అమ్మేముందు చెరపాలి కదా. ఎవరూ చెరపలేదు.
తెర మీద అంకెలు జారుతుంటే
వాటి సందుల్లోంచి ఎవరో మనిషి:

*పోర్వెనీర్ వైపు లైను. పడిపోతే యెర్కోకి చెప్పండి.
తొమ్మిది లోపు ఫోన్ చేయొద్దు,
పాపను బడిలో దింపుతుంటాడు.*

ఇంకోచోట:
*ఈ కేబుల్ గాలికి వదులవుతుంది. వేలితో నొక్కండి, చాలు.*

మూసి ఉన్న ఒక ద్వారం దగ్గర:
*వాడొద్దు. ఎందుకో నేనే మరిచిపోయాను.*

ఆఖరి మార్పు పదకొండేళ్ళ కిందటి జులైలో.
ఒందీనా వేళ్ళ మీద లెక్కేసింది.
ఆ పాపకిప్పుడు పదిహేడో, పద్దెనిమిదో.
తనంతట తనే పోతుంటుంది బడికి,
లేదా మానేసి ఉంటుంది.

సాధనకి రూటర్ ఖాళీగా కావాలి.
చెరిపే ఆజ్ఞ కంఠతా వచ్చు.
కొట్టింది. ఎంటర్ మీద వేలు పెట్టింది.
తీసేసింది.

మాతే కాచుకుంది. సగం తాగి వదిలేసింది.

లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి
కాపీ అంది.
రూటర్ అడిగింది: ఏది, ఎక్కడికి, ఏ పేరుతో.
మొదటి రెండూ పుస్తకంలో ఉన్నాయి.
పేరు దగ్గర యెర్కో అని కొట్టి, వెనక్కి చెరిపి,
తొమ్మిది తర్వాత, అని పెట్టింది.
ఆశ్చర్యార్థకాలు వరసగా పడ్డాయి,
ఒకటి, ఇంకొకటి, ఇంకా.
మొత్తం నాలుగువేల చిల్లర బైట్లు.
ఒక ఉత్తరమంత.

అప్పుడు చెరిపింది.

శనివారం పరీక్షలో ముప్పై ఒకటో ప్రశ్న:
కాన్ఫిగరేషన్ భద్రపరచడానికి ముఖ్యకారణం ఏది?
జవాబులు నాలుగిచ్చారు.
నాలుగింట్లోనూ పాపా లేదు, బడీ లేదు.
సి పెట్టింది. సరైనదే.

బయట గాలి.
మూల మీద తాడు వదులైంది.
దీనికి వేలు చాలదు.
రెండు చేతులతో పట్టుకుని దాటింది.